‘ఏమీ లేవు’ అని రాయడానికి

మొదటి బిళ్ల దాచిన రోజు గద్ద చెయ్యి వణకలేదు. పదహారేళ్ళు టవర్ క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని, నాలుగేసి టన్నుల ఇనుమును మనుషుల నెత్తి మీదుగా తిప్పినవాడి చెయ్యి అంత తేలిగ్గా వణకదు. భార్య టీ కప్పు పక్కన తెల్ల బిళ్ల పెట్టింది. అతను దాన్ని రెండు వేళ్ళతో తీసుకున్నాడు, నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు, తల వెనక్కి వంచి గటగటా నీళ్ళు తాగాడు. బిళ్ల అరచేతిలోనే ఉండిపోయింది.

ఆమె చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆమెకి తోచను కూడా లేదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆ మనిషి తనతో అబద్ధమాడిన రోజు ఒక్కటీ గుర్తు లేదామెకి.

ఆమె లాండ్రీలో పనికి బయల్దేరాక గద్ద బాల్కనీలోకి వెళ్ళి, పాత సేఫ్టీ బూటు తీసి, బిళ్లని దాని ముందుకొనదాకా తోసేశాడు. గోడమీది క్యాలెండర్ మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టాడు. ఫిట్‌నెస్ పరీక్షకి ముప్పై ఒక్క రోజులు.

గద్ద అన్నది సైటువాళ్ళు పెట్టిన పేరు. అంత ఎత్తు నుంచి కింద జారిపడ్డ బోల్టుని కూడా కనిపెట్టి, “ఒరేయ్, నీ కుడికాలి దగ్గర ఉంది చూడు” అని వాకీటాకీలో చెప్పేవాడు. ఏడాదిన్నర కిందట రక్తంలో క్యాన్సర్ ఉందని తేలాక ఆసుపత్రికి చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా కౌంటర్ దగ్గర “గద్ద ఏ వార్డు?” అని అడిగి నాలుక కరుచుకున్నారు.

కీమోథెరపీ అయింది. ఆ తర్వాత అతని ఎముకల్లోని మూలుగని మందులతో కాల్చేసి, అక్క దగ్గర తీసుకున్న మూలకణాలు ఎక్కించారు. నాలుగు వారాలు గాజు తలుపు వెనక బతికాడు. జుట్టు రాలింది, గోళ్ళు నల్లబడ్డాయి, పద్దెనిమిది కిలోలు తగ్గాడు. అక్క కణాలు పట్టుకున్నాయి. చివరికి రక్తం గ్రూపు కూడా మారి అక్కది వచ్చింది. “ఇప్పటికైనా నీ ఒంట్లో మంచి రక్తం పారుతోందిరా, బుద్ధిగా ఉండు” అని అక్క ఫోన్లో పకపకా నవ్వి, ఆ వెంటనే ఏడ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు పద్నాలుగు రకాల మందులు. ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి చివరికి ఈ తెల్ల బిళ్ల మిగిలింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. “ఒంట్లో పాత వైరస్‌లు ఉంటాయి. ఇది వాటిని లేవనివ్వదు. నేను చెప్పేదాకా ఆపకండి” అంది మూలుగ మార్పిడి వార్డు డాక్టరమ్మ. పరీక్షలకి వెళ్ళిన ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ అతను తలూపాడు.

తలూపుతున్నప్పుడు కూడా అతని మనసు క్యాబిన్‌లోనే ఉండేది. మంచం మీద వాంతులు చేసుకుంటూ, గాజు తలుపుకి అవతల భార్య పెదాల కదలికని బట్టి మాటలు ఊహించుకుంటూ, అతను బతకాలనుకున్నది క్రేన్ మీది ఆ చిన్న గాజు గదిలోకి మళ్ళీ ఎక్కడానికే. ఆ సంగతి భార్యకీ తెలుసు. ఆమె ఏమీ అనుకోలేదు. ఏదో ఒకదాని కోసం బతికితే చాలనుకుంది.

క్రేన్ ఎక్కాలంటే ఫిట్‌నెస్ కాగితం కావాలి. దాంట్లో పదకొండో గడి ఇలా ఉంటుంది: ‘గత ముప్పై రోజుల్లో వాడిన మందులు.’

ఆ గడికి ఒక కథ ఉంది. ఏడేళ్ళ కిందట ఇంకో సైటులో పక్క క్రేన్ ఆపరేటర్, తల తిరక్కుండా తను వాడే మందు సంగతి అక్కడ రాయలేదు. ఒక మధ్యాహ్నం క్యాబిన్‌లోనే స్పృహ తప్పాడు. ఇనుపకడ్డీల కట్ట కింద నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్ మీద పడింది. ఆ మనిషిని బయటికి లాగిన నలుగురిలో గద్ద ఒకడు. లాగుతుంటే ఒక చెయ్యి మాత్రమే వచ్చింది. ఆ రోజు పని ఆగిపోయాక సైటులో ఉన్న ఆపరేటర్లంతా గేటు దగ్గర చేరారు. ఆ కాగితం మీద అబద్ధం రాసినవాడితో మనకి మాటల్లేవు అనుకున్నారు. ఒట్లు పెట్టుకోలేదు. అనుకున్నారు, అంతే. ఇన్నేళ్ళలో ఎవడూ మాట తప్పలేదు. ఒకాయన జలుబుమందు వేసుకున్నానని నిజాయితీగా రాసి రెండు వారాలు కింద కూర్చున్నాడు.

జలుబుమందుకే రెండు వారాలైతే, క్యాన్సర్ ఆసుపత్రి బిళ్లకి ఎన్నాళ్ళు? రాస్తే క్యాబిన్ దక్కదు. రాయకపోతే అబద్ధం. గద్ద వారం రోజులు ఇదే తిప్పి తిప్పి ఆలోచించాడు. చివరికి ఒక దారి కనిపించింది. అసలు వేసుకోవడమే మానేస్తే? అప్పుడు ‘ఏమీ లేవు’ అని రాసింది పచ్చినిజం అవుతుంది. ముప్పై రోజులు. కాగితం చేతికొచ్చిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

డాక్టరమ్మని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అతికించే ఉంది. వద్దంటుందని భయపడి అడగలేదు.

*

మూడు వారాలు దాటినా ఏమీ కాలేదు. పైగా ఒంట్లో హుషారు. రోజూ సాయంత్రం బావమరిది వచ్చేవాడు. భార్యకి తమ్ముడు, సైటులో అతనికి సిగ్నల్‌మ్యాన్. కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పేవాడే పైవాడికి రెండో జత కళ్ళు. పదకొండేళ్ళుగా ఆ ఇద్దరూ ఒక జట్టు. షిఫ్టు అవగానే వచ్చి, బావ చేత అపార్ట్‌మెంటు మెట్లు ఎనిమిది అంతస్తులూ మూడుసార్లు ఎక్కించేవాడు. మెడకి అలవాటవ్వాలని గద్ద కొత్త హెల్మెట్ పెట్టుకుని మరీ ఎక్కేవాడు.

ఇరవై అయిదో రోజున అయిదో అంతస్తులో ఆగి, ఎడమ కణత నొక్కుకున్నాడు.

“అదేంటి బావా, ఎక్కుతోంది కాళ్ళతో, నొప్పి తలకా?”

“ఈ కొత్త హెల్మెట్ రా. లోపలి పట్టీ ఎడమపక్క కోసేస్తోంది.”

“పట్టీని అనకు. ఏడాది పాటు మా అక్క చేత సేవలు చేయించుకున్నావు. తల పెరిగింది.”

“కింద నిలబడి చేతులూపుకునేవాడివి, తలబరువు గురించి నీకేం తెలుసురా?”

“నేను చెయ్యూపకపోతే నువ్వు పైన కూర్చుని కాకుల్ని లెక్కపెట్టుకోవాలి. పద పద, ఇంకో మూడంతస్తులు. ఆ కొత్తోడు నీ సీటులో కూర్చుని దాన్ని గుంట చేసేశాడు, తొందరగా రాకపోతే నీకు సరిపోదు.”

గద్ద నవ్వాడు. నవ్వుతుంటే ఎడమ కనుబొమ పైనుంచి నడినెత్తి దాకా కరెంటు తీగ లాగినట్టయింది. ఇంటికెళ్ళి స్క్రూడ్రైవరుతో హెల్మెట్ పట్టీ రెండు మెట్లు వదులు చేశాడు. మర్నాడు దువ్వెన తగిలినా, దిండు తగిలినా ప్రాణం విలవిల్లాడింది. మూడో మెట్టు కూడా వదులు చేశాడు.

అతనిది మెషీన్లు చూసుకునే బుద్ధి. ఎక్కడ కిర్రుమంటే అక్కడ ఏదో రాసుకుంటోందని అర్థం. రాసుకుంటున్నదాన్ని సర్దితే సరిపోతుంది. ముట్టుకోని చోట నొప్పి పుట్టడం అనేది అతని లెక్కలో లేదు.

ఇరవై ఎనిమిదో రోజు, సోమవారం, నుదుటి మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఎడమపక్కే. ముక్కుకి సరిగ్గా పైన, నుదుటి మధ్యలో స్కేలు పెట్టి గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడిపక్క ఒక్కటీ లేదు.

లాండ్రీ నుంచి వచ్చిన భార్య చేతులు కూడా కడుక్కోకుండా అతని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. పొద్దుణ్ణుంచీ ఆవిరి ఇస్త్రీల ముందు నిలబడి వేళ్ళు వేడిగా ఉన్నాయి.

“ఏంటండీ ఇది?”

“హెల్మెట్ రుద్దుకుంది.”

“రుద్దుకుంటే చుట్టూ రుద్దుకోవాలి గానీ సగం మొహమే రుద్దుకుంటుందా?”

“బిగుతు ఆ పక్కనే ఉంది. వదులు చేశాలే.”

ఆమె ఫ్రిజ్ వైపు చూసింది. అక్కడ అతికించిన కాగితంలో జ్వరం, దద్దుర్లు, నొప్పి, ఏదొచ్చినా వెంటనే ఫోన్ చెయ్యమని ఎర్ర అక్షరాల్లో ఉంది.

“నర్సుకి ఒక్క ఫోన్ చేస్తాను. చెబితే పోయేదేముంది?”

“ఇప్పుడు చేస్తే రమ్మంటారు. వెళితే రెండ్రోజులు పడుకోబెడతారు. గురువారం పరీక్ష. అది కానివ్వు, ఆ తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా.”

“బిళ్లలు సరిగ్గా వేసుకుంటున్నారు కదా?”

“రోజూ ఇచ్చేది నువ్వే కదా,” అన్నాడు గద్ద.

అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు ఆ జవాబులో. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసే ఆ మాట ఎంచుకున్నాడు. ఆమె చెయ్యి అతని గడ్డం మీదనుంచి నెమ్మదిగా జారింది. ఏడాదిగా నవ్వడం మర్చిపోయిన మొగుడు మెట్ల మీద తమ్ముడితో కలిసి పిల్లాడిలా నవ్వుతుంటే ఈ నెల రోజులుగా ఆమె వంటింట్లోంచి వింటోంది. మూడ్రోజులే కదా అనుకుంది.

మంగళవారానికి మచ్చలు నీటిబుడగలయ్యాయి. బుధవారానికి ఎడమ కన్రెప్ప వాచింది. ముక్కు చివర మొటిమ లాంటిది ఒకటి లేచింది. అద్దంలో చూసుకుని దాన్ని గోటితో గిల్లబోయి, నొప్పికి ఆగిపోయాడు.

*

ఫిట్‌నెస్ డాక్టరు సైటు గేటు పక్కనున్న రేకుల గదిలో కూర్చున్నాడు. బయట పంతొమ్మిది మంది వరసలో ఉన్నారు. లోపల ఒక టేబుల్, బీపీ మెషీను, గోడకి అక్షరాల చార్టు. పోయిన ఏడాదిన్నర జబ్బు సంగతి ఫైల్లో ఉంది, ఇప్పటి మందుల చీటీ మాత్రం లేదు. క్యాన్సర్ ఆసుపత్రి ఇచ్చిన రక్తపరీక్షల కాగితాలన్నీ బాగున్నాయి.

“మొదలంటా నరికేస్తే మళ్ళీ చిగురేసి వచ్చావయ్యా,” అన్నాడు డాక్టరు మెచ్చుకోలుగా. “నుదురేమయింది?”

“కొత్త హెల్మెట్ సార్. పట్టీ కోసింది.”

అది అతను నిజంగానే నమ్మాడు. డాక్టరు మెడ సాచి చూశాడు. ముందుకి దువ్విన జుట్టు సగం కప్పేసింది. బయట ఎవడో తొందరగా కానివ్వమని అరుస్తున్నాడు.

“కన్ను ఎర్రగా ఉంది?”

“మూడ్రోజులుగా నిద్ర లేదు సార్.”

“ఇవాళ పరీక్ష అని కంగారా? సరే, చార్టు చదువు.”

కుడికన్ను అడుగు వరస దాకా చదివింది. ఎడమకన్ను చివరి నుంచి రెండో వరస దగ్గర నీళ్ళు కార్చుకుంటూ తడబడి, ఎలాగో గట్టెక్కింది. చాలు. డాక్టరు కాగితం తిప్పి అతని ముందుకి తోశాడు. గద్ద పెన్ను తీసుకున్నాడు. పదకొండో గడి. ‘ఏమీ లేవు.’ అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా రాశాడు. సంతకం పెట్టాడు.

ఇంక మిగిలింది పైకెక్కి ఒక బరువు ఎత్తి చూపించడమే.

నిచ్చెన నలభై ఎనిమిది మీటర్లు. మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎండ ఎడమవైపు నుంచి కొడుతోంది. వెలుతురు కంట్లో పడ్డప్పుడల్లా లోపల ఎవరో గరిటె పెట్టి తోడుతున్నట్టుంది. అయినా క్యాబిన్ తలుపు తీసి, సీటులో కూర్చుని, రెండు లివర్ల మీదా చేతులు ఆనించగానే ఒళ్ళంతా తేలికైంది. గట్టిగా ఏదో ఒకటి అరవాలనిపించింది. వాకీటాకీ నొక్కాడు.

“కిందివాళ్ళకి పైనుంచి. సిద్ధం.”

“పైవాళ్ళకి కిందినుంచి. మెట్లపలక కట్టేశారు. ఆరో అంతస్తుకి, నేనిక్కడే ఉన్నా. ఎత్తండి.”

వాకీటాకీలో వరసలు పిలుచుకోకూడదని రూలు. బావా లేదు, బామ్మర్దీ లేదు. పైన, కింద, అంతే. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ రూలు తప్పలేదు వాళ్ళు.

రెండు టన్నుల కాంక్రీటు మెట్లపలక నేల విడిచి లేచింది. నాలుగో అంతస్తు. అయిదు. ఆరు. బావమరిది స్లాబు అంచున స్తంభం పక్కన నిలబడి అరచెయ్యి చూపిస్తున్నాడు. వాడి వెనక ఇద్దరు కూలీలు. గద్ద పలకని లోపలికి తేవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఎప్పటిలాగే.

అప్పుడు ఎడమకన్ను మూసుకుపోయింది. తెరవాలని చూశాడు. రెప్ప లేవలేదు. చేత్తో ఎత్తితే పాలు పోసినట్టు తెలుపు తప్ప ఇంకేమీ లేదు. కుడికంటికి అన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి గానీ స్లాబూ, పలకా, మనిషీ ఒకే అట్టముక్క మీద గీసిన బొమ్మల్లా ఉన్నారు. ఏది ముందు, ఏది వెనక? ఇంకా మూడు మీటర్లు ఉందనిపించింది.

“ఆపండి. పైన, ఆపండి. ఆపు! ఆపు బావా!”

బ్రేకు పడింది. పలక ఊగి, బావమరిది ఛాతీకి జానెడు దూరంలోకి వచ్చి, వెనక్కి వెళ్ళింది. వాడు స్తంభానికి బల్లిలా అతుక్కుపోయి ఉన్నాడు. వాకీటాకీలో వాడి ఊపిరి వినిపిస్తోంది.

గద్ద చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎండ పడిందనొచ్చు. గాలి తోసిందనొచ్చు. ఎవరూ కాదనరు. సైటులోని వాకీటాకీలన్నీ ఇదే ఛానెల్లో ఉన్నాయి. కింద సేఫ్టీ ఆఫీసరు చేతిలో అట్ట పట్టుకుని తల పైకెత్తి చూస్తున్నాడు.

మీట నొక్కాడు. “నాకు ఎడమకన్ను కనపడ్డం లేదు. దూరం తెలియడం లేదు. ఆరో అంతస్తు ఖాళీ చెయ్యండి.”

మళ్ళీ నొక్కాడు. “వినపడిందా? నేను చూసి దించలేను. కింద ఒక్క మనిషి ఉండకూడదు. నువ్వు చెప్పు, నేను దించుతా.”

“సరే,” అన్నాడు బావమరిది. “సరే బావా. ముందు బయటికి తీసుకో. ఇంకా. ఇంకా. చాలు. ఇప్పుడు దించు. ఇరవై మీటర్లుంది. పది. ఎనిమిది. నెమ్మది. అయిదు. మూడు… రెండు… ఒకటి. అర. ఇంకొంచెం. ఇంకొంచెం. తగిలింది.”

గద్ద మెషీను ఆపేసి, ఒంటి కంటితో నిచ్చెన దిగాడు. మెట్టు ఎక్కడుందో కాలితో తడిమి తడిమి దిగాడు. అరగంట పట్టింది. సేఫ్టీ ఆఫీసరు చెయ్యి చాపితే మాట్లాడకుండా ఫిట్‌నెస్ కాగితం ఇచ్చేశాడు. బావమరిది అతని తలమీంచి హెల్మెట్ తీశాడు. జుట్టు వెనక్కి నెట్టాడు.

“బావా…” అని ఆగిపోయాడు. “ఇది హెల్మెట్ పనా? మొహం సగం కాలిపోయినట్టుంది. పద ఆసుపత్రికి!”

*

డాక్టరమ్మ తలుపు దగ్గరే ఆగి, ఒక్క చూపు చూసి, నర్సుని విడిగది సిద్ధం చెయ్యమంది. లాండ్రీ నుంచి పరిగెత్తుకొచ్చిన భార్య ఏప్రన్‌తోనే మంచం పక్కన నిలబడింది. బావమరిది గోడకి ఆనుకున్నాడు.

“మచ్చలు ఎప్పుడొచ్చాయి?”

“సోమవారం.”

“ఇవాళ గురువారం. మూడ్రోజుల్లోపు వచ్చి ఉంటే…” ఆమె మాట మింగేసి టార్చితో కంట్లోకి చూసింది. “ముక్కు చివర బొబ్బ?”

“నిన్న.”

“ముక్కు చివరికీ కంటికీ వెళ్ళేది ఒకే నరం. అక్కడ బొబ్బ లేచిందంటే కంటిని కూడా పట్టుకుందని భయపడాలి. దీన్ని షింగిల్స్ అంటారు. సర్పి అని కూడా అంటారు. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?”

“ఏడో ఏట. అక్కకీ నాకూ ఒకేసారి.”

“ఆ వైరస్ అప్పట్నుంచీ మీ నరాల మొదట్లో పడుకునే ఉంది. ఇన్నాళ్ళూ మీ సొంత కణాలు దాన్ని అణిచిపెట్టాయి. ఇప్పుడు ఒంట్లో ఉన్నవి కొత్తవి. దాంతో పోరాడ్డం వాటికి ఇంకా పూర్తిగా రాదు. అందుకే ఆ తెల్ల బిళ్ల.” ఫైలు మూసి అతని మొహంలోకి చూసింది. “బిళ్ల వేసుకుంటూ ఉంటే ఇంతదాకా రావడం అరుదు. ఎప్పుడు ఆపారు?”

“ఆపలేదు మేడం,” అంది భార్య చటుక్కున. “ఒక్క పూట కూడా ఆపలేదు. పొద్దునా సాయంత్రం నా చేత్తో నేనే ఇస్తున్నా. కావాలంటే ఖాళీ అట్టలు చూపిస్తా, అన్నీ దాచాను.”

గద్ద దుప్పటి అంచు వేళ్ళతో మడిచాడు.

“ముప్పై ఒక్క రోజులైంది,” అన్నాడు.

అన్నీ చెప్పాడు. పదకొండో గడి, జలుబుమందు, కడ్డీల కింద పోయిన మనిషి, బూటులో దాచిన అరవై ఒక్క బిళ్లలు. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. అయ్యాక కుర్చీలో కూర్చుంది.

“ఆ బిళ్ల మత్తు ఇవ్వదు, తల తిప్పదు. అది రాసినందుకు మిమ్మల్ని ఎవరూ ఆపేవాళ్ళు కాదు. నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే నేనే ఉత్తరం రాసిచ్చేదాన్ని.”

భార్య గొంతు చాలా చిన్నగా వినిపించింది.

“కాగితంతో అబద్ధమాడకూడదని నాతో ఆడారా?”

“నేను అబద్ధం…”

“రోజూ ఇచ్చేది నువ్వే కదా అన్నారు. సోమవారం. నా మొహం చూస్తూ.” ఏప్రన్ ముడి విప్పబోయింది. వేళ్ళు పట్టు దొరక్క జారాయి. “అరవై ఒక్కసార్లు నా ముందు కూర్చుని నీళ్ళు తాగారు. ప్రతిసారీ నేను, హమ్మయ్య, ఒక పూట గడిచింది అనుకున్నా.”

ఆమె బయటికి వెళ్ళింది. బావమరిది కూడా వెళతాడనుకున్నాడు. వాడు కదల్లేదు. ఏదో ఒక జోకు వేస్తాడేమోనని గద్ద ఆశగా చూశాడు.

“నీ కాగితం నిజమే బావా,” అన్నాడు వాడు. “స్తంభం దగ్గర నిలబడ్డవాణ్ణి నేను.”

*

ఎనిమిది గంటలకోసారి మందు నరంలోకి ఎక్కించారు. పదిహేను రోజులు. కంటి డాక్టరు రోజూ వచ్చి రెప్ప ఎత్తి చూసి, చుక్కలు రాసి వెళ్ళేవాడు. బొబ్బలు పగిలి, నల్లటి పొక్కులు కట్టి రాలిపోయాయి. ప్రాణానికి భయం లేదన్నారు. వైరస్ మెదడుకీ ఊపిరితిత్తులకీ పాకలేదు, అదృష్టం అన్నారు. కంటి గురించి మాత్రం అదృష్టం అన్న మాట ఎవరూ వాడలేదు. నల్లగుడ్డు మీద మచ్చ పడింది. ఎడమకంటితో చూస్తే మీటరు దూరంలో చెయ్యి ఊపుతున్నారని తెలుస్తుంది. ఎన్ని వేళ్ళో తెలియదు.

“క్రేన్?” అని ఒక్కసారే అడిగాడు.

కంటి డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని, “వేరే పని చూసుకోండి,” అన్నాడు.

నొప్పి పోలేదు. చర్మం మానింది గానీ లోపలి నరం మానలేదు. ఫ్యాను గాలి నుదుటికి తగిలితే చాలు, సలసల కాగే నూనె చిలకరించినట్టు ఉలిక్కిపడేవాడు. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు, ఇలాగే ఉండిపోనూవచ్చు అన్నారు.

అక్క ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చాక, “నావే సరిగ్గా పని చెయ్యలేదేమోరా,” అంది. “చిన్నప్పట్నుంచీ నాకు జలుబెక్కువ. ఇంకెవరివైనా తీసుకోవాల్సింది.”

“నీవి బాగానే ఉన్నాయక్కా.”

“మరి ఎందుకయింది?”

చెప్పాడు. అక్క అంతా వింది. “నా నడుము ఎముకలో సూది దించినప్పుడు కూడా ఇంత నొప్పి పుట్టలేదురా,” అని పెట్టేసింది. ఆ తర్వాత వారం దాకా చెయ్యలేదు.

ఇంటికొచ్చిన రోజు బాల్కనీలో బూటు కనపళ్ళేదు. అతను అడగలేదు. భార్య చెప్పలేదు. ఆమె అతనితో మామూలుగానే మాట్లాడుతోంది. చుక్కల టైమయింది, తువ్వాలు అక్కడుంది, మెట్టు చూసుకోండి. అరిచినా బాగుండేదనిపించింది గద్దకి. బావమరిది ఒకసారి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, కొత్త ఆపరేటర్‌తో జట్టు కుదిరిందని చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు బిళ్ల ఆమె పర్సులో ఉంటుంది. పొద్దున పనికి బయల్దేరే ముందు ఆమె వచ్చి అతని ఎదురుగా నిలబడుతుంది. బిళ్లని స్వయంగా నాలుక మీద పెడుతుంది. నీళ్ళిస్తుంది. గొంతు కదిలేదాకా చూస్తుంది.

“నోరు తెరవండి.”

తెరుస్తాడు. స్పూను వెనకవైపుతో నాలుక పక్కకి జరిపి, ఫోన్‌లోని లైటు వేసి చూస్తుంది. సాయంత్రం కూడా అంతే.

పదో రోజున ఆమె అడక్కముందే నోరు తెరిచాడు. నాలుక పైకెత్తాడు, అటూ ఇటూ తిప్పాడు. “మింగాను. నిజంగా మింగాను,” అన్నాడు.

“ఊఁ,” అంది.

స్పూను తీసుకుంది. నాలుక కింద చూసింది. కుడి చెంప లోపల చూసింది. ఎడమ చెంప దగ్గర, నొప్పికి అతని కంట్లోంచి నీళ్ళు కారుతుంటే చెయ్యి కాస్త తేలిక చేసి, అక్కడ కూడా చూసింది. స్పూను కడిగి పెట్టి, తలుపు దగ్గరికి వేసి, లాండ్రీకి వెళ్ళిపోయింది.